మే మొదటి శనివారం: ఫ్రిస్కోలో తెలుగువాళ్లు, సిటీ కౌన్సిల్ ఓటు

(టెక్సస్‌లోని ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాల కోసం 2026 మార్చిలో ఏర్పాటు చేసిన సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి, ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లల్ని ఆడుకోనివ్వండి, ఏం పర్వాలేదు.

నేరుగా విషయానికి వస్తాను. మే 2, శనివారం, మన ఊరి సిటీ కౌన్సిల్ ఎన్నికలు. ఈసారి మేయర్ సీటు కూడా ఉంది. ఆ రోజు ఓటు వేయాలంటే ఏప్రిల్ 2 లోపల మీ నమోదు ఫారం కౌంటీకి చేరాలి, లేదా కనీసం దాని మీద ఏప్రిల్ 2 లోపు పోస్టాఫీసు ముద్ర పడాలి. ఏప్రిల్ 2, గురువారం. ఫోన్లో పెట్టుకోండి, ఇప్పుడే పెట్టుకోండి, నేను ఆగుతాను. ఎందుకింత పట్టుబడుతున్నానంటే, పోలింగ్ రోజున ఐడీ పట్టుకుని వెళ్లి "నా పేరు ఇప్పుడు రాసుకోండి" అంటే టెక్సస్‌లో కుదరదు. మినసోటాలో కుదురుతుంది. అక్కడున్న మీ తమ్ముడో వదినో "మేం అప్పటికప్పుడు రాయించుకుని వేశాం" అని చెప్తే అది నిజమే, కానీ ఇక్కడి చట్టం వేరు. ఇక్కడ ఓటు వేయడమనే పనిలో ముఖ్యమైన భాగం పోలింగ్‌కి నెల ముందే అయిపోతుంది. ఆ నెల ముందు మనం ఏం చేస్తున్నాం? ఉగాది ఫంక్షన్ల హడావుడిలో ఉంటాం, పిల్లల పరీక్షలు, ట్యాక్స్ ఫైలింగ్. ఎన్నికల బోర్డులు వీధుల్లో కనపడటం మొదలయ్యేసరికి గడువు దాటిపోయి ఉంటుంది.

నేనెవరు ఇదంతా చెప్పడానికి? కౌంటీ దగ్గర వాలంటీర్ డెప్యూటీ రిజిస్ట్రార్‌గా పేరు నమోదు చేసుకున్నాను. మీరు నింపిన ఫారం తీసుకుని కౌంటీకి అందజేయడమే నా పని. ఎవరికి వేయాలో చెప్పను, చెప్పకూడదు కూడా. దయచేసి అడగొద్దు. ఈ కౌన్సిల్ ఎన్నికల బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు, అభ్యర్థుల పేర్లే ఉంటాయి, కాబట్టి ఎవరేమిటో మీరే చదివి తెలుసుకోవాలి.

సరే, అసలు ఈ ఓటు మీద ఎందుకింత శ్రద్ధ? ప్రెసిడెంట్ ఎన్నికలప్పుడు మనందరం రాత్రి రెండింటిదాకా టీవీ ముందు కూర్చుంటాం. మరి మీ వీధి చివర ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్లు రావాలా, షాపులు రావాలా, గుడి కట్టుకోనివ్వాలా, పార్కులో క్రికెట్ పిచ్ వేయాలా వద్దా, లైబ్రరీ ఎన్ని గంటలు తెరవాలి, ఎండాకాలం లాన్‌కి వారానికి ఎన్నిసార్లు నీళ్లు పెట్టుకోవచ్చు, ఇంటి పన్నులో సిటీ వాటా రేటు ఎంత, ఇవన్నీ ఎవరు తేలుస్తున్నారు? ప్రెసిడెంట్ కాదు. గవర్నర్ కూడా కాదు. ఏడుగురు. మేయర్, ఆరుగురు కౌన్సిల్ సభ్యులు, అంతే.

ఇంకో విషయం, ఇది చాలామందికి తెలియదు. మనలో హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకి డివిజన్, కార్పొరేటర్ అంటే అలవాటు. 2020లో జీహెచ్ఎంసీకి ఎన్నికలు జరిగినప్పుడు 150 డివిజన్లు, ఒక్కో డివిజన్‌కి ఒక్కో కార్పొరేటర్. ఫ్రిస్కోలో అలా కాదు. ఇక్కడ వార్డులు లేవు. ప్లేస్ 1, ప్లేస్ 2 అని ఆరు నంబర్లు ఉంటాయి గానీ అవి ఊళ్లో ప్రాంతాలు కావు, కుర్చీలకి పెట్టిన నంబర్లు. ఆ ఏడుగురినీ ఊరంతా కలిసి ఎన్నుకుంటుంది. అంటే ఎన్నిక జరుగుతున్న ప్రతి సీటుకీ మీ ఓటు పడుతుంది. "మా ఏరియాలో ఎవరూ నిలబడలేదండీ" అన్న మాటకి ఇక్కడ అర్థం లేదు.

హైదరాబాద్‌లో 2020 డిసెంబర్‌లో 46 శాతం పైచిలుకు పోలింగ్ జరిగితే, సగంమంది కూడా రాలేదని అందరం బాధపడ్డాం. టెక్సస్‌లో మే నెల సిటీ ఎన్నికలకి చాలా ఊళ్లలో వందమంది ఓటర్లలో పదిమంది రావడమే గొప్ప. ఆ పదిమందీ ఎవరు? ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి, మే మొదటి శనివారం ఎన్నిక ఉంటుందని ఒంటికి పట్టినవాళ్లు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు చేయాల్సిన పని వాళ్లు చేస్తున్నారు. 1990లో ఈ ఊళ్లో ఉన్నది ఆరువేల పైన జనం. 2020 జనాభా లెక్కల్లో 2,00,509. ఆ పెరిగినవాళ్లలో మనం ఎంతమందిమి ఉన్నామో కిరాణా షాపుకి వెళ్తే తెలుస్తుంది, స్కూల్ బస్సు దగ్గర నిలబడితే తెలుస్తుంది. పోలింగ్ సెంటర్‌కి వెళ్తే తెలియడం లేదు. నాకు నిజంగా బాధ కలిగించేది అదే.

పోయిన ఏడాది చూడండి, 2025 మేలో. ఊళ్లో పెద్ద ఆర్ట్స్ సెంటర్ కట్టడానికి డబ్బు ఎలా తేవాలన్న దాని మీద రెండు ప్రతిపాదనలు బ్యాలెట్ మీద పెట్టారు. ఓటర్లు రెండూ వద్దన్నారు. అది మంచిదా చెడ్డదా అని నేను చెప్పడం లేదు. మన పిల్లలు కూచిపూడి, కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నారు, అరంగేట్రాలకి హాళ్లు దొరక్క ఎంత తిరుగుతామో మనకి తెలుసు. అలాగే పన్నుల సంగతీ తెలుసు. మనం కొనే చాలా వస్తువుల మీద కట్టే 8.25 శాతం సేల్స్ ట్యాక్స్‌లో రెండు శాతం ఊరి వాటా, అందులో ఒక శాతం సిటీ ఖజానాకి, మిగతా ఒక శాతం చెరి సగంగా రెండు అభివృద్ధి కార్పొరేషన్లకి. ఆ డబ్బు మనం కూడా కడుతున్నాం కదా. కావాలనో వద్దనో మనం కూడా చెప్పాలి కదా. ఆ రోజు మీరెక్కడున్నారు?

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన భాగం. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, విసుక్కోకండి.

ఈ హాల్లో అందరం ఒకేలాంటి కాగితాల మీద లేం. సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లున్నారు. గ్రీన్ కార్డు వాళ్లున్నారు. హెచ్1, హెచ్4, స్టూడెంట్ వీసాల మీద ఉన్నవాళ్లున్నారు. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలున్నారు. ఓటు నమోదు ఫారం నింపాల్సింది సిటిజన్లు మాత్రమే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు నింపకూడదు. పదిహేనేళ్ల నుంచి ఇక్కడే ఉన్నా, ఇల్లు కొన్నా, పన్ను కట్టినా, నింపకూడదు. సిటీ ఎన్నికే కదా, చిన్నదే కదా అనుకోకూడదు. టెక్సస్‌లో సిటీ కౌన్సిల్ నుంచి ప్రెసిడెంట్ దాకా అన్నిటికీ ఒకటే ఓటర్ల లిస్టు. 2025 నవంబర్‌లో రాష్ట్ర రాజ్యాంగంలో కూడా ఓటరు సిటిజనే అయి ఉండాలని సవరణ పెట్టి ఓటర్లు ఆమోదించారు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, దీన్నుంచి వచ్చే చిక్కు జరిమానాతో పోయేది కాదు. ఆ ఫారం మీద మొదటి ప్రశ్నే "మీరు అమెరికా సిటిజనా?" అని. సిటిజన్ కాని మనిషి అవునని గుర్తు పెట్టి సంతకం చేస్తే, సిటిజన్ అని అబద్ధం చెప్పినట్టు. ఇమ్మిగ్రేషన్ చట్టంలో దాన్ని చాలా తీవ్రంగా చూస్తారు. గ్రీన్ కార్డు పోవచ్చు, దేశం నుంచి పంపేయవచ్చు. రేపు సిటిజన్‌షిప్‌కి దరఖాస్తు చేస్తే ఆ ఎన్-400 ఫారంలో కూడా అడుగుతారు, ఎప్పుడైనా ఓటరుగా నమోదు అయ్యారా, ఎప్పుడైనా ఓటు వేశారా అని. తెలియక చేశానంటే సరిపోతుందని మాత్రం అనుకోకండి.

ఇది ఎక్కడ జరుగుతుందో తెలుసా? దొంగతనంగా ఓటు వేద్దామని ఎవరూ వెళ్లరు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో జరుగుతుంది. లైసెన్స్ రెన్యువల్ ఫారంలో ఓటు నమోదు గురించి ఒక ప్రశ్న ఉంటుంది. కౌంటర్‌లో ఆవిడ గబగబా అడుగుతారు, మనవాళ్లు అర్థం అయినా కాకపోయినా "యస్, యస్" అంటారు. మర్యాదకి అనేస్తారు. ఆ ఒక్కచోట మర్యాద వద్దు. "నో, నేను సిటిజన్‌ని కాదు" అని స్పష్టంగా చెప్పండి. షాపు ముందు ఎవరో క్లిప్‌బోర్డు పట్టుకుని "రిజిస్టర్ అయ్యారా?" అని నవ్వుతూ అడిగినా అదే మాట. మీ ఇంట్లో హెచ్4 మీద ఉన్న కోడలికీ, గ్రీన్ కార్డు మీద వచ్చిన మావగారికీ ఈ రాత్రే చెప్పండి.

వాట్సాప్‌లో ఇంకోలా వస్తుంటుంది, అందుకే ఇది కూడా చెప్పేస్తాను. లండన్‌లోనో లెస్టర్‌లోనో చదువుకుంటున్న మీ చెల్లెలి కొడుకు "పెద్దమ్మా, నేను ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఇక్కడ కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేశాను" అంటాడు. అది అబద్ధం కాదు. బ్రిటన్‌లో ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులకి, సరైన వీసా ఉంటే, అక్కడ ఓటు హక్కు ఉంది. ఇండియా కామన్వెల్త్ దేశమే కాబట్టి మనవాళ్లకీ వస్తుంది. ఆ అబ్బాయి తప్పకుండా వేయాలి, మనం ప్రోత్సహించాలి కూడా. ఈ దేశంలోనే మేరీల్యాండ్‌లో టకోమా పార్క్ అనే చిన్న ఊళ్లో సిటిజన్లు కానివాళ్లు కూడా ఊరి ఎన్నికల్లో ఓటు వేస్తారు, 1990ల నుంచీ. అవన్నీ వాళ్ల వాళ్ల చట్టాలు. ఫ్రిస్కోకి వర్తించవు.

ఇక సిటిజన్లు అయినవాళ్ల సంగతి. ప్రమాణం చేసిన రోజు నుంచే మీరు నమోదు చేసుకోవచ్చు. చాలామంది ఏమనుకుంటారంటే, సిటిజన్ అయ్యాం, లైసెన్స్ ఉంది, పేరు దానంతటదే ఎక్కేస్తుంది అని. ఎక్కదండీ. మీరు ఫారం నింపాలి, సంతకం పెట్టాలి, పంపాలి. ఆన్‌లైన్‌లో ఇంట్లో కూర్చుని అంతా చేసేద్దామంటే మామూలుగా టెక్సస్‌లో కుదరదు. వెబ్‌సైట్‌లో నింపినా, ప్రింట్ తీసి, పెన్నుతో సంతకం పెట్టి, పోస్టులో వేయాల్సిందే. లైసెన్స్ ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకునేటప్పుడు మాత్రం దాంతోపాటే నమోదు అడగొచ్చు. ఇంత సాఫ్ట్‌వేర్ జనం ఉన్న ఊళ్లో ఈ పని పోస్టు డబ్బా మీద ఆధారపడి ఉందంటే ఆశ్చర్యమే, కానీ చట్టం అది.

సిటిజన్ అయ్యాక ఇంకో పని తప్పకుండా చేయండి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకీ, లైసెన్స్ ఆఫీసుకీ వెళ్లి మీ రికార్డు మార్పించుకోండి. ఎందుకో చెప్తాను. 2019 జనవరిలో టెక్సస్ ప్రభుత్వం ఒక లిస్టు తీసింది, సుమారు 95,000 మంది సిటిజన్లు కాకపోయినా ఓటర్ల లిస్టులో ఉండొచ్చు అని. ఆ లిస్టు దేన్నిబట్టి చేశారు? ఎప్పుడో లైసెన్స్ తీసుకున్నప్పుడు చూపించిన గ్రీన్ కార్డునిబట్టి. ఆ తర్వాత సిటిజన్ అయిన వేలమంది అందులో ఇరుక్కున్నారు. కోర్టులో కేసులు పడ్డాయి, ప్రభుత్వం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అయిపోయిందా? లేదు. 2025 అక్టోబర్‌లో మళ్లీ, ఈసారి కేంద్ర ప్రభుత్వ డేటాతో పోల్చి 2,724 పేర్లు కౌంటీలకి పంపారు. వాటిలోనూ సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లు ఉన్నారని తర్వాత కొన్ని కౌంటీల్లో తేలింది. అలాంటి లిస్టులో మీ పేరు ఉంటే కౌంటీ నుంచి ఇంటికి ఉత్తరం వస్తుంది, సిటిజన్ అని రుజువు చూపించమని, ముప్పై రోజుల గడువుతో. మనవాళ్లు ఏం చేస్తారు? కౌంటీ కవర్ అంటే ప్రకటనల కాగితమేమో అని చెత్తబుట్టలో వేస్తారు. ముప్పై రోజులూ గడిచిపోతాయి, పేరు పోతుంది. కౌంటీ నుంచి వచ్చే ప్రతి కవరూ తెరవండి. భయపడొద్దు, పాస్‌పోర్టు కాపీ పంపితే చాలు. జవాబు ఇవ్వకపోవడం ఒక్కటే ప్రమాదం.

మన ఊరికి ఉన్న ఇంకో చిక్కు చెప్తాను. ఫ్రిస్కో ఒకే ఊరు, కానీ రెండు కౌంటీల్లో ఉంది. తూర్పు వైపు కాలిన్, పడమటి వైపు డెంటన్. ఓటర్ల లిస్టు నడిపేది సిటీ కాదు, కౌంటీ. మీరు అపార్ట్‌మెంట్ నుంచి కొత్త ఇంటికి మారారు, అదే ఫ్రిస్కో, కారులో పది నిమిషాలు, కానీ కాలిన్ నుంచి డెంటన్‌కి వెళ్లారు అనుకోండి. పాత నమోదు పనికిరాదు. కొత్త కౌంటీలో మళ్లీ మొదటి నుంచీ ఫారం పంపాలి. అదే కౌంటీలో ఇల్లు మారితే అడ్రస్ మార్పు ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఈ రెండేళ్లలో ఇల్లు మారినవాళ్లు చేతులెత్తండి. చూశారా, సగంమంది ఉన్నారు. మీరంతా ఇవాళే ఫోన్లో టెక్సస్ ఓటర్ పోర్టల్ తెరిచి, మీ పేరు ఏ అడ్రస్ మీద ఉందో చూసుకోండి. నాది కాలిన్ కౌంటీ నియామకం, కాబట్టి డెంటన్ వైపు వాళ్ల ఫారాలు నేను తీసుకోలేను. మీరు స్వయంగా పోస్టు చేయాలి.

ఇంటి అడ్రస్‌లో ఫ్రిస్కో అని ఉన్నంతమాత్రాన ఫ్రిస్కో సిటీలో ఉన్నట్టు కూడా కాదు. పోస్టాఫీసు గీసుకున్న హద్దులు వేరు, ఊరి హద్దులు వేరు. ఇంటి పన్ను బిల్లు చూడండి, అందులో ఫ్రిస్కో సిటీ అని ఒక లైను ఉంటే మీరు ఈ ఎన్నికల్లో ఓటరు. స్కూల్ డిస్ట్రిక్ట్ కూడా అంతే. ఫ్రిస్కో సిటీలో ఉంటూ ప్రాస్పర్‌లోనో లూయిస్‌విల్‌లోనో స్కూల్ డిస్ట్రిక్ట్ ఉన్న ఇళ్లు ఉన్నాయి, వాళ్ల బ్యాలెట్‌లో స్కూల్ బోర్డు భాగం వేరేగా ఉండొచ్చు.

పోలింగ్‌కి ఏం పట్టుకెళ్లాలి? ఫొటో ఉన్న ఐడీ. టెక్సస్ లైసెన్స్, లేదా అమెరికా పాస్‌పోర్టు, లేదా ఫొటో ఉన్న సిటిజన్‌షిప్ సర్టిఫికెట్. ఇంకా కొన్ని ఉన్నాయి గానీ మనకి సాధారణంగా పనికొచ్చేవి ఇవి. ఇండియన్ పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు పనికిరావు. కాలేజీ ఐడీ పనికిరాదు, పిల్లలకి చెప్పండి. లైసెన్స్ గడువు దాటిపోయినా నాలుగేళ్ల లోపయితే ఒప్పుకుంటారు, డెబ్బై దాటిన పెద్దలకి ఎంత పాతదైనా ఫర్వాలేదు.

పేర్ల గొడవ మనకి ఎక్కువ. లైసెన్స్ మీద ఇంటిపేరు చివర, సర్టిఫికెట్ మీద ముందు. వెంకట సత్యనారాయణ ఒకచోట మూడు ముక్కలు, ఒకచోట ఒకే ముక్క, ఒకచోట వి.ఎస్.ఎన్. అని పొడి అక్షరాలు. దీనికోసం వెనక్కి వచ్చేయకండి. పేరు అచ్చంగా ఒకేలా ఉండక్కర్లేదు, దగ్గరగా ఉంటే చాలు, రెండు పేర్లూ ఒకే మనిషివని అక్కడ ఒక గడిలో సంతకం పెట్టించుకుని ఓటు వేయనిస్తారు. అయినా ఫారం నింపేటప్పుడే లైసెన్స్ పక్కన పెట్టుకుని, దాని మీద ఎలా ఉందో అలాగే రాయండి, గొడవ ఉండదు.

మే 2 శనివారం ఉదయం 7 నుంచి సాయంత్రం 7 వరకు పోలింగ్. ఏడింటికి క్యూలో ఉంటే చాలు, ఎంత ఆలస్యమైనా వేయనిస్తారు. శనివారం అంటే మనకి పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పిల్లల టోర్నమెంట్లు. అందుకే ముందస్తు ఓటింగ్ వాడుకోండి, ఏప్రిల్ 20 సోమవారం నుంచి 28 మంగళవారం వరకు. ఆఫీసుకి వెళ్తూ వేసి వెళ్లొచ్చు, క్యూ కూడా ఉండదు. సెంటర్లు ఎక్కడో కౌంటీ వెబ్‌సైట్‌లో చూడండి, పోయినసారి చోటే ఈసారి కూడా అనుకోకండి.

లోపల ఫోన్ తీయనివ్వరు. అభ్యర్థుల గురించి రాసుకున్నది ఫోన్లో పెట్టుకుని వెళ్లి, అది తెరవలేక గుడ్డిగా నొక్కి వచ్చినవాళ్లు ఉన్నారు. కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి, దానికి అభ్యంతరం లేదు. పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లండి, పద్దెనిమిది లోపు పిల్లలు మీతో బూత్ దాకా రావచ్చు. వాళ్లు చూడాలి. పదిహేడేళ్ల పది నెలలు నిండిన పిల్లలు నమోదు చేసుకోవచ్చు, పోలింగ్ రోజుకి పద్దెనిమిది నిండి ఉంటే వేయొచ్చు.

ఇంగ్లీషు రాని మా అమ్మ ఎలా వేస్తుంది అని అడుగుతారు. సిటిజన్ అయిన ప్రతి అమ్మా, ప్రతి నాన్నా వేయొచ్చు. చదవడం రానివాళ్లు, చూపు సరిగా లేనివాళ్లు తమకి నమ్మకమైన మనిషిని సాయంగా తీసుకెళ్లొచ్చని ఓటింగ్ హక్కుల చట్టంలోనే ఉంది. మీ యజమాని, యూనియన్ మనిషి తప్ప ఎవరైనా సరే. కూతురు వెళ్లొచ్చు, మనవడు వెళ్లొచ్చు. సాయం వచ్చిన మనిషి అక్కడ ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఆ తర్వాత చదివి వినిపించాలి, ఆవిడ చెప్పినదే నొక్కాలి. "నీకేం తెలుసమ్మా, నేను నొక్కేస్తాలే" అనకూడదు. ఆ ఓటు మీది కాదు. ఆవిడ ఈ ఊళ్లో రోజూ పార్కులో నడుస్తుంది, లైబ్రరీకి వెళ్తుంది, పగటిపూట ఈ ఊరు ఎలా ఉంటుందో మనకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు.

ఒక సీటుకి ముగ్గురు నలుగురు నిలబడి, ఎవరికీ సగానికి మించి రాకపోతే, మొదటి ఇద్దరి మధ్య జూన్‌లో మళ్లీ ఎన్నిక పెడతారు. స్కూళ్లు మూసేసి అందరం ఇండియా వెళ్లిపోయే సమయం అది. మేలో వేసినవాళ్లు జూన్‌లో ఎన్నిక ఉందేమో కూడా కనుక్కోండి.

ఇప్పుడు సిటిజన్లు కానివాళ్లు "మరి మమ్మల్నెందుకు పిలిచారు?" అనుకోవచ్చు. మీకోసం దాచిపెట్టిన మాట ఇది. ఓటు లేకపోయినా మీకు గొంతు ఉంది. కౌన్సిల్ మీటింగులు నెలలో రెండు మంగళవారాలు జరుగుతాయి. టెక్సస్‌లో 2019లో వచ్చిన చట్టం ప్రకారం అజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా ప్రజలు మాట్లాడే అవకాశం ఇచ్చి తీరాలి. "ప్రజలు" అనే ఉంది, సిటిజన్లు అని లేదు. గ్రీన్ కార్డు వాళ్లు మాట్లాడొచ్చు, వీసా వాళ్లు మాట్లాడొచ్చు. ఇంకో సంగతి వినండి. ఇంగ్లీషులో మాట్లాడలేనివాళ్లు అనువాదకుణ్ణి పెట్టుకుని మాట్లాడితే, మామూలుగా ఇచ్చే సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. అంటే మీ నాన్నగారు అక్కడ మైకు ముందు నిలబడి చక్కగా తెలుగులో తన బాధ చెప్పుకోవచ్చు, మీరు పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పొచ్చు. మీ వీధిలో ఫుట్‌పాత్ లేదనో, క్రాసింగ్ దగ్గర కార్లు ఆగడం లేదనో వాట్సాప్ గ్రూపులో ఎన్ని మెసేజ్‌లు పెట్టుకుంటాం? వాటిని చదివే అధికారి ఒక్కరూ ఆ గ్రూపులో లేరు.

సరే, ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్నలు, జవాబులు

(ఓటరుగా నమోదైతే జ్యూరీ డ్యూటీకి పిలుస్తారు కదా అని ఒకరు అడిగారు.)

చాలామంది మనసులో ఉన్న ప్రశ్న ఇది, మీరు అడిగినందుకు సంతోషం. టెక్సస్‌లో జ్యూరీ పిలుపులు ఓటర్ల లిస్టు నుంచే కాదు, డ్రైవింగ్ లైసెన్స్, ఐడీ కార్డుల లిస్టు నుంచి కూడా వెళ్తాయి. లైసెన్స్ ఉంటే మీరు ఇప్పటికే ఆ లిస్టులో ఉన్నారు. ఓటు మానేసినా జ్యూరీ తప్పదు. సిటిజన్ కానివాళ్లకి పిలుపు వస్తే, కాదని టిక్ పెట్టి వెనక్కి పంపండి, పారేయకండి.

(ఇండియాలో ఊళ్లో తన ఓటు ఇంకా ఉందని, రెండుచోట్లా వేయవచ్చా అని ఒకరు అడిగారు.)

లేదండీ. అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్న రోజునే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ ఉన్నా ఓటు లేదు. మన ఊరి లిస్టులో పేరు ఇంకా ఉంటే ఫారం 7 ఇచ్చి తీయించేయండి. గ్రీన్ కార్డు మీద ఉండి ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నవాళ్లకి మాత్రం అక్కడ హక్కు ఉంది, ఫారం 6ఏ కింద ప్రవాస ఓటరుగా నమోదు అవ్వొచ్చు, కానీ వేయడానికి అక్కడికి స్వయంగా వెళ్లాలి.

(ఆస్టిన్‌లో చదువుతున్న కూతురి గురించి ఒకరు అడిగారు.)

అమ్మాయి ఇక్కడి అడ్రస్ మీదే ఉండొచ్చు, లేదా అక్కడికి మార్చుకోవచ్చు, ఏదో ఒకటే. ఇక్కడ ఉంటే, పోలింగ్ సమయంలో కౌంటీలో ఉండనని చెప్పి పోస్టల్ బ్యాలెట్ అడగొచ్చు.

(డెబ్బై ఏళ్లు దాటిన ఒక అమ్మగారు, ఏప్రిల్ 10న హైదరాబాద్ వెళ్తున్నానని, తన ఓటు ఎలాగని అడిగారు.)

అమ్మా, మీరు సిటిజన్, పేరు లిస్టులో ఉంది కదా? అయితే మీకు దారి ఉంది. అరవై ఐదు దాటినవాళ్లు కారణం చెప్పకుండా పోస్టల్ బ్యాలెట్ అడగొచ్చు, ఒకసారి దరఖాస్తు పెడితే ఏడాది మొత్తానికీ సరిపోయేలా అడగొచ్చు. మీరు ఊళ్లో ఉండరు కాబట్టి బ్యాలెట్ హైదరాబాద్ అడ్రస్‌కే పంపమని రాయండి. రెండు చోట్ల జాగ్రత్త. దరఖాస్తు మీదా, ఓటు వెనక్కి పంపే కవరు మీదా లైసెన్స్ నంబరు గానీ, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలు గానీ రాయాలి. 2022 మార్చి ప్రైమరీలో ఈ నంబరు నిబంధన కొత్తగా వచ్చినప్పుడు రాష్ట్రంలో సుమారు 12 శాతం పోస్టల్ ఓట్లు తిరస్కరించారు, ఎక్కువగా ఆ ఒక్క గడి ఖాళీగా వదిలేసినందుకే. లిస్టులో మీకు ఏ నంబరు ఉందో గుర్తులేకపోతే రెండూ రాసేయండి. కవరు అంటించిన చోట అడ్డంగా సంతకం మీదే ఉండాలి, అబ్బాయిది కాదు. దరఖాస్తు కౌంటీకి ఏప్రిల్ 20 లోపు చేరాలి. పోస్టు చేసిన తేదీ కాదమ్మా, చేరిన తేదీ. అయితే ఇండియాకి టపా వెళ్లి రావడానికి పట్టే రోజులు కూడా చూసుకోవాలి కాబట్టి ఇరవై దాకా ఆగకండి, ఈ వారమే పంపేయండి. దరఖాస్తు ఫారాలు ఆ చివరి టేబుల్ మీద ఉన్నాయి. మీ లైసెన్స్ బ్యాగులో ఉందా? ఉంటే రండి, ఇప్పుడే కూర్చుని నింపేద్దాం.